హాలండులో ఒక గది, ఒక సైకిలు

మచిలీపట్టణమున వలందపాలెమను పేట నేటికిని కలదు. వలందులనగా హాలండు దేశీయులు. వీరు 17వ శతాబ్ది ప్రారంభమున ఓడలపై కృష్ణాతీరమునకు వచ్చి, వర్తకశాల నిర్మించుకొని, మన నేతగాండ్రు నేసిన బట్టలను, అద్దకపువారు అద్దిన కలంకారీ వస్త్రములను కొనిపోయిరి. ఆనాడు వారు మన తీరమున తలదాచుకొను చోటు వెదకుకొనిరి. నేడు మన బిడ్డలు చదువునకై వారి దేశమునకు పోయి, అట్టి చోటునే వెదకుకొనుచున్నారు.

ఆ దేశమునకు నెదర్లాండ్స్ అని అసలు పేరు. దిగువ నేలలని ఆ మాటకు అర్థము. దాని భూమిలో సుమారు నాలుగవ వంతు సముద్రమట్టమునకు దిగువనే యున్నది. వైశాల్యమున మన తెలంగాణ రాష్ట్రములో సగమైనను లేని ఆ దేశమున సుమారు 1 కోటి 80 లక్షల మంది నివసించుచున్నారు. అచ్చట సైకిళ్లు మనుష్యులకంటె ఎక్కువ. ఇండ్లు మాత్రము మనుష్యులకు చాలవు. చదువుకొన బోవు విద్యార్థికి ఈ రెండు సంగతులును మొదటి వారముననే అనుభవమునకు వచ్చును.

మన దేశమున కళాశాలను ఆనుకొని హాస్టలు ఉండుట వాడుక. పెట్టెయు పరుపును తీసుకొనిపోయినచో గది, భోజనము, స్నేహితులు ఒక్కచోటనే దొరకుదురు. హాలండులో సంగతి వేరు. లైడెను విశ్వవిద్యాలయము 1575లోను, గ్రోనింగెను విశ్వవిద్యాలయము 1614లోను, ఉట్రెక్టు విశ్వవిద్యాలయము 1636లోను ఏర్పడినవి. ఇవి ఊరికి వెలుపల గాక ఊరి నడుమనే పెరిగినవి. విద్యార్థి ఊరిలో ఎవరి యింటనో గది అద్దెకు తీసుకొని చదువుకొనుట ఆ నాటినుండి వచ్చుచున్న ఆచారము. అట్లు తన యింట గది ఇచ్చు ఇల్లాలిని ఆ భాషలో హోస్పిటా అందురు. నేడు ఇల్లాండ్రు ఇచ్చు గదులు తగ్గినవి. వానికి మారుగా విద్యార్థుల వసతికై యేర్పడిన సంస్థలు పెద్ద భవనములు కట్టి అద్దెకిచ్చుచున్నవి. కాని అందు గది దొరకుట క్యూలో నిలుచుటవంటిది. ఎవరు ముందు పేరు నమోదు చేసికొనిరో వారికి ముందు. ఆలస్యముగా వచ్చినవారు నెలలు, ఒక్కొక్కప్పుడు సంవత్సరములు వేచియుండవలెను. విదేశీయులకని విశ్వవిద్యాలయములు కొన్ని గదులను ప్రత్యేకించును గాని అవి కొద్ది, కోరువారు పెక్కుమంది. ప్రవేశపత్రము చేతికందిన నాడే వసతికిని దరఖాస్తు పెట్టుకొనవలెనని పెద్దలు చెప్పుట ఇందుచేతనే. వీసా వచ్చిన పిమ్మట చూతములే అని ఊరకుండువాడు చిక్కులలో పడును.

ఈ కొరత ఎంత తీవ్రమైనదో రెండు ఉదాహరణములు చాలును. 2005, 2006 సంవత్సరములలో ఆమ్‌స్టర్‌డాము నగరమున సరకుల ఓడలపై పోవు ఇనుప పెట్టెలవంటి వానిని ఒకదానిపై నొకటి పేర్చి, కిటికీలు, తలుపులు, నీటి గొట్టములు అమర్చి, సుమారు వేయిమంది విద్యార్థులకు గదులుగా చేసిరి. 2018 సెప్టెంబరులో గ్రోనింగెను నగరమునకు వచ్చిన విదేశ విద్యార్థులలో కొందరికి గదులు దొరకక, తాత్కాలికముగా గుడారములలో పడకలు ఏర్పాటు చేయవలసివచ్చెను. ఉత్తరదేశపు చలి ఆరంభమగు వేళ గుడారమున పండుకొని, తెల్లవారగనే తరగతికి పోవుట యెట్లుండునో ఊహించుకొనవచ్చును. ఆ తరువాత కొన్ని విశ్వవిద్యాలయములు, గది ఏర్పాటు కానిదే ప్రయాణము కావలదని విదేశ విద్యార్థులకు ముందే తెలుపుటకు మొదలిడినవి. కఠినముగా తోచినను, అది మేలు కోరి చెప్పిన మాటయే.

కొరత యున్నచోట మోసము ఉండును. మోసగాని పద్ధతి తరచుగా ఒక్కటే. అందమైన గది చిత్రములు చూపును. అద్దె ఊరి ధరకంటె తక్కువ చెప్పును. తాను పరదేశమున ఉన్నానని, తాళపుచెవి టపాలో పంపెదనని, ముందుగా రెండు నెలల అద్దెయు బయానాయు పంపవలెనని కోరును. తొందరపెట్టుట అతని ముఖ్య లక్షణము. ఈ దినమే పంపకున్న వేరొకరికి ఇచ్చివేయుదునని బెదరించును. డబ్బు ముట్టిన పిమ్మట గదియు ఉండదు, గదివాడును ఉండడు. ఇక్కడ తల్లిదండ్రులు పొలము కుదువబెట్టి తెచ్చిన సొమ్ము అట్లు పోయినచో ఆ బిడ్డ యే ముఖముతో ఇంటికి ఉత్తరము వ్రాయును? గదిని స్వయముగా గాని, అచ్చటనున్న నమ్మకస్థుని ద్వారా గాని చూడనిదే ఒక్క యూరోయైన పంపరాదు.

మోసమును పసిగట్టుటకు మరియొక గుర్తు కలదు. ఆ దేశమున నాలుగు నెలలకు మించి ఉండదలచినవారు, వచ్చిన ఐదు దినములలోపల పురపాలక కార్యాలయమున తమ నివాసము నమోదు చేయించుకొనవలెను. అప్పుడు వారికి ఒక సంఖ్య ఇత్తురు. ఉద్యోగమునకు, జీతమునకు, వైద్యపు బీమాకు ఆ సంఖ్యయే ఆధారము. కనుక “గది ఇత్తును గాని ఈ చిరునామాపై నమోదు చేసికొనరాదు” అను యజమాని మాటవెనుక ఏదో లోపమున్నదని గ్రహింపవలెను. 2023 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన చట్టము ప్రకారము, బయానాగా రెండు నెలల మూలపు అద్దెకు మించి పుచ్చుకొనరాదు. అద్దె అన్యాయముగా ఎక్కువయని తోచినచో విచారించుటకు ప్రభుత్వ సంఘమొకటి కలదు. గది పొడవు వెడల్పులు, వంటగది వసతి మొదలైనవానికి గుణములు కట్టి, ఆ గుణములనుబట్టి తగిన అద్దెను అది తేల్చును. పరదేశమందు ఫిర్యాదు చేయుట తగదేమో అని మనవారు తరచుగా జంకుదురు. చట్టము అద్దెకుండువాని దేశమును చూడదు.

ఒప్పందములో “బోడిగది” అను అర్థమిచ్చు మాట యున్నచో, అది మంచము, బల్ల లేని గది మాత్రమే కాదు. కొన్నిచోట్ల నేలపై పరచు పలకలు, దీపములు, తెరలు కూడ ఉండవు. వెనుకటివాడు నేలను సైతము ఊడదీసికొని పోవుట మనకు వింత గాని వారికి కాదు.

ఇక ఆ దేశపు విద్యార్థులలో ప్రసిద్ధమైన పద్ధతి యొకటి చెప్పవలెను. నలుగురైదుగురు కలిసి ఒక యింటిలో ఉందురు, వంటగది ఉమ్మడి. ఒకరు చదువు ముగించి పోయినప్పుడు, ఆ గదికై వచ్చిన దరఖాస్తులలో కొందరిని ఎంచి, మిగిలిన వారు ఒక సాయంకాలము పిలుతురు. తేనీరిచ్చి మాటలాడించి, తమతో ఎవరికి పొసగునో చూచి, ఒకరికి గది ఇత్తురు. ఇది పెండ్లిచూపులవంటిదే! ఇచ్చట ధనము లెక్కకు రాదు, మార్కులును రావు.

మన కృష్ణా డెల్టాలో, దివిసీమ పల్లెలో పుట్టి, జలనిర్మాణశాస్త్రము చదువుటకై డెల్ఫ్టు నగరమునకు పోయిన బాలిక యొకతెను ఊహించుకొందము. డెల్ఫ్టులోని సాంకేతిక విశ్వవిద్యాలయము 1842లో పుట్టినది. సముద్రమును కట్టడిచేయు విద్యకు ప్రసిద్ధి కెక్కినది. ఆమెకు మొదటి మూడు సాయంకాలములు వ్యర్థమగును. ఏల? పెద్దలయెదుట తక్కువ మాటలాడుట మర్యాదయని నేర్చిన పిల్ల, అడిగినదానికి మాత్రము బదులు చెప్పి, తలవంచుకొని కూర్చుండును. ఆ యింటివారు దానిని వినయమని అనుకొనరు. ఈమెకు మనతో ఉండుట ఇష్టము లేదు కాబోలునని అనుకొందురు. నాలుగవ మారు ఆమె తానే ప్రశ్నలు వేయును: వంట వంతులవారీగా చేయుదురా, ఎవరిది వారిదేనా? అంట్లు తోముట, మెట్లు తుడుచుట ఎట్లు పంచుకొందురు? పరీక్షలనాడు రాత్రి ఎన్ని గంటలకు సందడి ఆపుదురు? తాను మాంసము తిననని, పోపు వేయునపుడు ఘాటు వచ్చునని, కిటికీ తెరచి వండెదనని ముందే చెప్పును. ఆ దేశీయులు ముక్కుకు సూటిగా మాటలాడువారు. కాదన్న కాదని మొగముననే చెప్పుదురు. అందు అవమానమేమియు లేదు. అట్లే మనము సూటిగా చెప్పినను వారు మెత్తురు. ఆమెకు గది దొరకును: నిచ్చెనవలె నిటారైన మెట్లు, పై అంతస్తున ఒక కిటికీ, క్రింద కాలువ. స్నానపు గదుల వైపు పోయినచో గోడకు పుట్టినరోజుల పట్టిక వ్రేలాడుచుండును. వారు దానిని మరుగుదొడ్డిలోనే తగిలింతురు. దినమునకొకమారైన తప్పక కనబడు చోటు అదియే గదా!

వసతిని గూర్చి ఇంకొక సంగతి. డేవెంటర్ అను పట్టణమున వృద్ధుల ఆశ్రమమొకటి 2012 ప్రాంతమున కొందరు విద్యార్థులకు అద్దె లేకుండ గదులిచ్చుటకు మొదలిడినది. అందుకు బదులుగా వారు నెలకు 30 గంటలు వృద్ధులకు మంచి ఇరుగుపొరుగువలె మెలగవలెను: కలిసి భుజించుట, పత్రిక చదివి వినిపించుట, కంప్యూటరు నేర్పుట. తాతమ్మ ఒడిలో పెరిగిన తెలుగు బిడ్డకు ఇది కష్టమైన పని కాదు.

గది కుదిరిన వారమే సైకిలు కొనవలెను. అచ్చటి పాతకాలపు సైకిలు మన తాతలనాటి సైకిలునకు చుట్టమే. నిటారుగా కూర్చుండు తీరు, గొలుసుపై రేకు కప్పు, వెనుక బరువు పెట్టు క్యారియరు అన్నియు పోలియుండును. పెక్కింటికి చేతి బ్రేకుండదు. పెడలు వెనుకకు త్రొక్కినచో చక్రము ఆగును. దీనిని తెలియక మొదటి దినమున కాలువ గట్టుమీద తొట్రుపడువారు కలరు. పాత సైకిలు చవుకగా దొరకును గాని, మరీ చవుకైనది దొంగసొత్తు కావచ్చును. తెలిసి కొన్నచో కొన్నవానికిని శిక్ష కలదు. కనుక రసీదు ఇచ్చు దుకాణముననే కొనవలెను. తాళములు రెండు కావలెను: వెనుక చక్రమునకు ఒకటి, స్తంభమునకు కట్టు గొలుసు రెండవది.

మనము రోడ్డుకు ఎడమవైపున పోవుదుము. వారు కుడివైపున పోవుదురు. సైకిళ్లకు ఎర్రని బాట వేరుగా నుండును. రాత్రివేళ ముందు తెల్లదీపము, వెనుక ఎర్రదీపము తప్పనిసరి. 2019 జూలై 1 నుండి సైకిలుపై పోవుచు ఫోను చేతబట్టుట నేరము. తిరుగునపుడు చేయి చాపి చూపవలెను. ఈ నియమములు ఒంటబట్టిన తరువాతనే దూరప్రయాణమును తలపెట్టుట మంచిది. ఆమె మొదట పది కిలోమీటర్ల దూరమున్న హేగు నగరమునకు, తరువాత రోటర్‌డామునకు, ఆపైన సుమారు 30 కిలోమీటర్ల దూరమున 19 గాలిమరలు వరుసగా నిలిచియున్న కిండర్‌డైకు అను చోటికి పోయివచ్చును. ఒళ్లు నొప్పులు తీరినవి. ఇప్పుడు ఒంటరిగా మూడు దినముల యాత్ర చేయవలెనని ఆమె కోరిక. ఎక్కడికి? నైరుతి దిక్కుననున్న జేలండు సీమకు. అదియు డెల్టాయే, ఆమె చదువుచున్న కట్టడములన్నియు అచ్చటనే యున్నవి.

ఒంటరిగా పోవువారికి దారి తప్పుదుమను భయము సహజము. దానిని తీర్చినది ఒక బొగ్గుగని ఇంజనీరు. బెల్జియము దేశపు లింబర్గు సీమకు చెందిన హ్యూగో బోలెన్ అను నతడు, గనిలోని సొరంగములు కలియుచోట్లకు సంఖ్యలు ఉండుట ఎరిగినవాడు. ఆ పద్ధతినే పైనున్న సైకిలు బాటలకు వర్తింపజేయ తలంచెను. 1995లో అట్టి బాటల అల్లిక అచ్చట మొదలయ్యెను. పిమ్మట హాలండు అంతటను వ్యాపించెను. బాటలు కలియుచోట నెల్ల ఒక సంఖ్య వ్రాసిన పలకయు, పక్క సంఖ్యలకు పోవు బాణపు గుర్తులును ఉండును. యాత్రికుడు ఇంటియొద్దనే పటము చూచి, తాను దాటవలసిన సంఖ్యలను కాగితపు ముక్కపై వరుసగా వ్రాసికొని, హ్యాండిలుకు అతికించుకొనిన చాలును. భాష రానక్కరలేదు. ఇదికాక పుట్టగొడుగు ఆకారమున నేలబారుగా నుండు దారిగుర్తులు 1919 నుండి కలవు. ప్రతిదానిపైనను ఒక సంఖ్య ఉండును. ఆపద కలిగి 112కు ఫోను చేసినపుడు ఆ సంఖ్య చెప్పినచో తానున్న చోటు తెలియజేసినట్లే.

కొండలు లేని దేశము గదా, త్రొక్కుట సులభమని అనుకొనరాదు. అచ్చటి కొండ గాలియే. అది ఎక్కువ దినములు నైరుతి మూలనుండి వీచును. జేలండులో ఎదురుగాలికి సైకిలు త్రొక్కు పందెము 2013 నుండి జరుపుచున్నారు; గేర్లు లేని మామూలు సైకిలుపై ఎనిమిదిన్నర కిలోమీటర్లు. తేదీ ముందుగా నిర్ణయింపరు. పెనుగాలి వీచు దినము కొరకు వేచియుండి, వచ్చినదనగనే పిలుతురు. మన బాలిక పందెమునకు పోవుట లేదు గనుక తెలివిగా ఆలోచించును. డెల్ఫ్టునుండి త్రొక్కుకొని పోయినచో మూడు దినములును గాలి మొగమున కొట్టును. కావున పోవునపుడు సైకిలుతో రైలెక్కి జేలండులోని మిడెల్‌బర్గు పట్టణమున దిగి, వచ్చునపుడు త్రొక్కుకొని వచ్చును. గాలి వీపున తోయును. పనిదినములలో ఉదయము, సాయంకాలము రద్దీవేళల సైకిలును రైలులో ఎక్కనీయరు. ఆమె శనివారము బయలుదేరును.

సామాను కొద్ది: వానకోటు, మారుబట్టలు, పంక్చరు అతుకు సామాను, చిన్న పంపు, రొట్టె, నీరు. అచ్చటి సైకిళ్లలో పెక్కింటి వాల్వు మన ఊరి సైకిలు వాల్వువంటిదే. చిన్నతనమున తండ్రి దుకాణమున నేర్చిన పని అక్కరకు వచ్చును. రాత్రి పడకకు? అడవిలోనో గట్టుపైనో ఇష్టము వచ్చినచోట గుడారము వేయుట ఆ దేశమున నిషిద్ధము. కాని సైకిలుపైనను కాలినడకను వచ్చువారికి తక్కువ సొమ్ముతో తమ యింట పడకయు, ఉదయపు ఫలాహారమును ఇచ్చు కుటుంబముల సంఘమొకటి 1984 నుండి కలదు. సైకిలు మిత్రులని దాని పేరునకు అర్థము. దేశమంతట వేలకొలది ఇండ్లు ఇందు చేరియున్నవి. ముందుగా ఫోను చేసి చెప్పి పోవలెను. ఆమె బయలుదేరునపుడు తాను పోవు సంఖ్యల వరుసను, రెండు రాత్రుల చిరునామాలను తన యింటి నేస్తముల కిచ్చి, రాత్రి ఎనిమిది గంటలకు ఫోను రాకున్నచో విచారింపుడని చెప్పును.

మిడెల్‌బర్గు దాటి, ఫేరె అను చిన్న రేవుపట్టణము దాటి, 1961లో కట్టిన ఆనకట్ట మీదుగా పోయినచో ఊస్టర్‌షెల్డె తుపాను కవాటము ఎదురగును. పొడవు సుమారు 9 కిలోమీటర్లు. ఉక్కు తలుపులు 62. దీనిని మొదట పూర్తిగా మూసివేసిన కట్టగా తలపెట్టిరి. అట్లయినచో ఉప్పునీటి రాకపోకలు నిలిచి, ఆల్చిప్పలు, మత్స్యములు నశించునని పల్లెకారులు, ప్రకృతి ప్రేమికులు ఎదిరించిరి. అందుచే మామూలు దినములలో తలుపులెత్తి యుంచి, తుపాను వేళ మాత్రము దించునట్లు మార్చి, 1986లో పూర్తిచేసిరి. తరగతిలో గీతలుగా చూచిన స్తంభముల ప్రక్కన ఆమె ఒంటరిగా సైకిలు త్రొక్కుచు పోవును. క్రింద ఆటుపోటుల నీరు తలుపుల నడుమ ఘోషించుచుండును.

ఆ రాత్రి జీరిక్‌జే పట్టణమున ఒక కుటుంబము ఇంట బస. మరునాటి ఉదయము సమీపముననున్న అవర్‌కెర్కు గ్రామమునకు పోవును. 1953 జనవరి 31 రాత్రి వాయవ్యపు తుపాను, పున్నమి పోటు ఒక్కమారే వచ్చి ఈ సీమ కట్టలను త్రెంచినవి. అది శనివారము, రాత్రివేళ రేడియో ప్రసారములు లేవు, నిదురలోనున్న వారిపై సముద్రము పడినది. ఆ దేశమున 1,836 మంది మరణించిరి. అవర్‌కెర్కు గండిని నవంబరు 6 వరకు పూడ్చలేకపోయిరి. యుద్ధకాలపు పెద్ద కాంక్రీటు పెట్టెలు నాలుగింటిని తెచ్చి ముంచి, దానిని మూసిరి. ఆ పెట్టెలలోనే నేడు వరదల మ్యూజియము కలదు. లోపల చీకటిలో మృతుల పేర్లు ఇసుకపై వెలుగుగా కనబడును. ఆ స్మారకమునకు “1835 + 1” అని పేరు. ఆ ఒక్కరు ఆ వరద రాత్రి పుట్టి, పేరు నమోదు కాకముందే నీటబడి పోయిన శిశువు.

దివిసీమ బాలికకు ఆ గదిలోనుండి వెంటనే వెలికివచ్చుట సాధ్యము కాదు. 1977 నవంబరు 19న ఆమె పుట్టిన సీమను ఉప్పెన ముంచినది. సుమారు 10,000 మంది పోయిరి. ఆమె నాయనమ్మ తాటిచెట్టును కౌగిలించుకొని బ్రతికినది. పోయిన వారిలో పేరు వ్రాసికొనువారు సైతము మిగులని కుటుంబములు ఎన్నియో. ఇచ్చట ఒక్క శిశువునకు కూడ లెక్కలో చోటుంచిరి. ఆమె సంచిలోని పుస్తకము తీసి, బల్లపై కూర్చుండి, నాయనమ్మ చెప్పిన పేర్లు జ్ఞాపకమున్నంతవరకు వ్రాయును. పదునాలుగు పేర్లగును. మిగిలినవానికి ఇంటికి ఫోను చేసి అడుగవలెను.

తరువాతి దారి వేగముగా సాగును. గాలి వెనుకనుండి వీచుచున్నది. 1971 నాటి కట్టలు రెండు దాటి, రెండవ రాత్రి బ్రీలె పట్టణమున గడపి, మరునాడు రోజెన్‌బుర్గు వద్ద సైకిలుతో పడవ యెక్కి నది దాటును. ఆవలి యొడ్డునుండి డెల్ఫ్టునకు సుమారు 15 కిలోమీటర్లు. హ్యాండిలుపై కాగితమున ఇక నాలుగు సంఖ్యలే మిగిలియుండును. ఇల్లు చేరి గొలుసు బిగించి, నిటారైన మెట్లెక్కి వంటగదిలోనికి పోయి చూచునప్పటికి, గోడమీది పట్టికలో ఆ సాయంకాలము అంట్లు తోము వంతు ఆమెదే.